చుక్కల చీర

ఏప్రిల్ వచ్చిందంటే వెస్ట్ మారేడుపల్లిలోని ఆ పాత డాబా ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి ఓ తంతు జరిగేది. అందరూ ఫ్యాన్ల కింద కునుకు తీస్తుంటే ఇల్లాలు మెల్లగా లేచి, రెండు గోనెపట్టాలు నీళ్లతొట్టిలో ముంచి, కారుతుండగానే తెచ్చి వరండా గ్రిల్లుకి కట్టేది. ఇంట్లోవాళ్లకి చల్లగా ఉండాలని అనుకునేరు! కాదు. గ్రిల్లు వెనకాల గోడ నీడలో వరసగా పెట్టిన పదకొండు కుండీల కోసం. ‘‘మా గది కిటికీకి కూడా ఒకటి కట్టవే, పుణ్యముంటుంది’’ అని ఆయన లోపల్నుంచి వేళాకోళమాడేవారు.

పదకొండింటిలోనూ ఉన్నది ఒకటే మొక్క. చెరకుగడలా కణుపులు కణుపులుగా నిలువునా పెరిగే కాడ. దానికి పక్షిరెక్కల్లాంటి ఆకులు. ఆకు రెండు సగాలూ సమానంగా ఉండవు, ఒక పక్క వెడల్పు, ఇంకో పక్క కురచ. ముదురాకుపచ్చ మీద వెండి చుక్కలు... ఎవరో తీరిగ్గా కూర్చుని వేలితో అద్దినట్టు. ఆకు తిప్పి చూస్తే అడుగంతా నేరేడుపండు రంగు. పూసిందంటే పగడాల గుత్తుల్లా పూలు కిందికి వేలాడేవి. వీధిలో వెళ్లేవాళ్లు గేటు దగ్గర ఆగి మరీ చూసేవాళ్లు.

బిగోనియాల్లో అదొక పాత రకం. ఆ ఇంట్లో మాత్రం దాన్ని ఎవరూ బిగోనియా అనలేదు. ‘చుక్కల చీర’ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది ఇల్లాలి అత్తగారు. ‘‘పైన చుక్కల చీర, లోపల ఎర్ర పావడా. ఇది చెట్టేమిటే, ఆడపిల్ల’’ అనేదట ఆవిడ.

ఆ ఆడపిల్ల సికింద్రాబాదుకు రావడమూ అత్తగారితోనే. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. దక్షిణ రైల్వే నుంచి విజయవాడ, హుబ్లీ డివిజన్లను, మధ్య రైల్వే నుంచి సికింద్రాబాద్, షోలాపూర్ డివిజన్లను కలిపి కొత్త జోన్ చేశారు. కొత్త ఆఫీసుకి గుమాస్తాలు కావాలి కదా! ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు పెట్టేబేడా సర్దుకుని వచ్చాయి. హుబ్లీలో పనిచేస్తున్న మావగారికీ బదిలీ కాగితం అందింది. సామానంతా గూడ్సులో వేశారు. ఒక్క డాల్డా డబ్బా మాత్రం అత్తగారు ఒళ్లో పెట్టుకుంది. గుంతకల్లులో బండి మారేటప్పుడు కూడా కూలీ చేతికివ్వలేదట. అందులో రెండే రెండు కాడలు. హుబ్లీ రైల్వే క్వార్టర్లలో పొరుగున ఉన్న ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు భార్య వీడ్కోలుగా ఇచ్చిన కానుక. ఆమెకి కూనూరులో ఉన్న అక్క ఇచ్చిందట. ఆ అక్కకి ఎవరిచ్చారో!

మొదట చిలకలగూడ క్వార్టర్లో, తర్వాత 1971లో కట్టుకున్న మారేడుపల్లి ఇంట్లో ఆ రెండు కాడలూ పదులయ్యాయి. అత్తగారిది ధారాళమైన చెయ్యి. పేరంటానికొచ్చినవాళ్లకి తాంబూలంతో పాటు ఓ కాడ విరిచి, తడిగుడ్డ చుట్టి ఇచ్చేది. పోస్టుమాన్ కూడా ఒకటి పట్టుకెళ్లాడు. 1975లో కోడలు కాపురానికి వచ్చేసరికి ఆ వీధిలో సగం వరండాల్లో చుక్కల చీరలు ఊగుతున్నాయి.

కోడలికి మొక్క బాగా నచ్చింది. ఆ దానాలే నచ్చలేదు.

సికింద్రాబాదులో బిగోనియా పెంచడం తమాషా కాదు మరి. ఊరు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తునున్న పీఠభూమి. సాయంత్రాలు చల్లబడతాయి, చలికాలం హాయిగా ఉంటుంది. కానీ మే నెల మాటేమిటి? నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండకి తోడు గాలిలో చెమ్మ అనేదే ఉండదు. బిగోనియాలకేమో చెట్ల నీడ, చెమ్మగాలి కావాలి. వేళ్లు తడిగా ఉండాలి కానీ నీళ్లు నిలవకూడదు. నీళ్లు ఎక్కువైతే కాడ మొదట్లో మెత్తబడి కుళ్లిపోతుంది. వానాకాలంలో గాలి ఆడకపోతే ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు దిగుతుంది. నిలువుకాడ రకాలు కాబట్టి ఆ మాత్రమైనా తట్టుకుంటాయి. ఆకుల అందానికి పేరుపడ్డ రెక్స్ బిగోనియాలున్నాయే, వాటి సొంతూరు అస్సాం అడవులు. 1850ల్లో అక్కడి నుంచి ఐరోపాకి చేరి, ఆ తర్వాత వందలాది సంకర రకాలకి మూలమయ్యాయి. అవి ఈ ఎండకి నిలవడం కష్టం. ఓ ఏడాది కొడుకు నెక్లెస్ రోడ్డులో మొక్కల ప్రదర్శన నుంచి ఎరుపూ వెండీ కలిసిన రెక్స్ ఒకటి తెచ్చాడు. జనవరిలో రాణీగారిలా ఉంది. ఉగాదికి అంచులు మాడాయి. మే రెండోవారానికి కుండీలో మట్టే మిగిలింది.

చుక్కల చీర మాత్రం కోడలి చేతిలో బతికింది. తడి గోనెపట్టాలు కట్టి, వేపాకు కుళ్లబెట్టిన ఎరువులో ఇసుక కలిపి, పొద్దుటి ఎండ మాత్రమే తగిలేలా కుండీలు జరిపి, నీళ్లు ఆకుల మీద పడకుండా మొదట్లో పోసి, పిల్లల్ని సాకినట్టు సాకింది. ఒకసారి పురుగుమందులు కొట్టేవాడు ఎవరో ఆ చుక్కలు చూసి ‘‘తెగులమ్మా, మందు కొట్టాలి’’ అన్నాడట. ఆవిడ వాణ్ణి గేటు దాకా సాగనంపింది! నిజానికి అవి తెగులూ కాదు, రంగూ కాదు. ఆకు పైపొరకీ దాని కింద పచ్చటి పొరకీ మధ్య అక్కడక్కడా సన్నటి గాలి అరలుంటాయి. వెలుతురు వాటి మీద పడి వెనక్కి తిరగడంతో వెండిలా మెరుస్తుంది. కింద ఆకుపచ్చదనం అలాగే ఉంటుంది.

అత్తగారు 1994లో పోయింది. ఆవిడ పెట్టె తెరిస్తే నాలుగు చీరలు, ఓ విభూతి డబ్బా, రైల్వే పాసుల కట్ట. నగలన్నీ ఎప్పుడో కూతుళ్లకి పంచేసింది. ఇక కోడలికి మిగిలిందల్లా వరండాలోని కుండీలే. అప్పటికి వీధిలో మిగతా ఇళ్లలో ఆ మొక్కలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. ఒకరు బదిలీ మీద వెళ్లారు, ఒకరు వరండా మూసి గది చేసుకున్నారు, ఒకరి మొక్క ఎండిపోయింది. ‘ఇప్పుడిది మా ఇంట్లోనే ఉంది’ అన్న సంగతి కోడలికి మెల్లగా తెలిసొచ్చింది. తెలిశాక చెయ్యి బిగుసుకుపోయింది.

ఎవరైనా అడిగితే కాదనే ధైర్యమూ లేదు. ‘‘ఇప్పుడు కొయ్యకూడదండీ, తల్లిమొక్క దెబ్బతింటుంది. తొలకరి పడనీయండి, చూద్దాం’’ అనేది. తొలకరిలో అడిగితే ‘‘ఇప్పుడు పూత మీదుంది’’ అనేది. పూత అయిపోయాక చలికాలం. చలికాలంలో కొమ్మలు బతకవు. ఏడాది పొడవునా ఏదో ఒక కారణం దొరికేది పాపం ఆవిడకి.

పక్కింటి మామీకి 1996లో చెప్పింది కూడా ఇదే. మారేడుపల్లిలో అరవ కుటుంబాలు ఎక్కువ. ఆ మామీ రోజూ పొద్దున్నే రెండు గుమ్మాల ముందూ తనే ముగ్గేసేది, ఇంట్లో ఫిల్టరు కాఫీ పెడితే గోడ మీంచి ఓ గ్లాసు అందించేది. వాళ్లమ్మాయి పెళ్లయి వేరే ఊరు వెళుతుంటే ‘‘చుక్కల చెడి ఒక కొమ్మ ఇవ్వండి, అమ్మాయికి ఇస్తాను’’ అని అడిగింది. తొలకరి పడనీయండి అంది ఇల్లాలు. మామీ ఇంకోసారి అడగలేదు. ముగ్గు వేయడం మాత్రం మానలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకి వాళ్లు సైనిక్‌పురికి మారిపోయారు.

ఇంకో సంగతి చెబితే ఆవిడ మీద చదువరులకి కోపం రావచ్చు. కాడ మొక్కల్ని ఏడాదికోసారి కత్తిరించాలి. లేకపోతే పొడుగ్గా పెరిగి, కింద బోడిగా అయిపోతాయి. కత్తిరించిన కాడల్ని అత్తగారు పంచిపెట్టేది. కోడలు వాటిని కత్తిపీట ముందేసుకుని, బెండకాయలు తరిగినట్టు ముక్కలు ముక్కలుగా తరిగి చెత్తబుట్టలో పడేసేది. చెత్తలోంచి కూడా ఎవరూ ఏరుకుని నాటకూడదని.

2017లో ఇల్లు బిల్డరుకి ఇచ్చారు. మారేడుపల్లిలో చాలా ఇళ్లకి పట్టిన దారే అది. ఐదంతస్తులు లేస్తాయి, రెండు ఫ్లాట్లు వీళ్లవి. అప్పటిదాకా ఉండటానికి అద్దెకి తీసుకున్న ఫ్లాటు నాలుగో అంతస్తులో ఉంది. బాల్కనీ పడమటివైపు. పదకొండు కుండీల్నీ ఆటోల్లో తరలించారు. ఆ చలికాలం బాగానే గడిచింది. 2018 మార్చి నుంచి మొదలైంది అసలు కథ. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఎండ తిన్నగా కుండీల మీదే. కింద సిమెంటు సెగ, పైన రేకు. గోనెపట్టాలు కట్టబోతే కింది ఫ్లాటువాళ్లు నీళ్లు కారుతున్నాయని గొడవ. కుండీలు హాల్లోకి తెస్తే వెలుతురు చాలదు. ఒక్కొక్కటే ఆకులు రాల్చి, కాడ ముడుచుకుని పోవడం మొదలుపెట్టాయి. మే నెలాఖరుకి పదకొండూ పోయాయి.

పదకొండో కుండీలో ఆఖరి కాడ మెత్తబడిపోతుంటే దాని ఆకు ఒకటి తుంచి గాజుగ్లాసులో నీళ్లు పోసి పెట్టింది ఆవిడ. రెక్స్ బిగోనియా ఆకు ముక్క నుంచి కొత్త మొక్క వస్తుందని ఎక్కడో చదివింది. పదిహేను రోజులకి తొడిమ చివర తెల్లటి వేళ్లు దిగాయి! ఇల్లంతా సంబరం. జాగ్రత్తగా కుండీలోకి మార్చింది. ఆకు వాడలేదు. జూన్ గడిచింది, జులై గడిచింది. వేళ్లున్నాయి, చుక్కలున్నాయి, ఆకు నిగనిగలాడుతోంది. చిగురు మాత్రం లేదు. రెక్స్ ఆకు ఈనెల నుంచి పిల్లలు పుడతాయి. కాడ రకాలకి కణుపు కావాలి. మొగ్గ ఉండేది కణుపు దగ్గరే. ఉత్త ఆకు వేళ్లయితే వేస్తుంది, ఇంకో మొక్క కావడం చాలా అరుదు. ఆరు నెలలు అలాగే ఉండి, సంక్రాంతి ముందు ఆ ఆకు పసుపుబారి రాలిపోయింది. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. ‘‘ఓ మొక్కకి ఇంతా?’’ అన్నారు ఆయన. ‘‘మీ అమ్మ నాకిచ్చింది అదొక్కటే’’ అందావిడ.

మనవరాలు ఫోనులో వెతికింది. ఆ కాడా ఆ చుక్కలూ ఆ పగడం రంగు పూలూ అన్నీ సరిపోయేది ఒకటి దొరికింది. ‘కొరల్లినా డి లుసెర్నా’. 1892లో స్విట్జర్లాండులోని లుసెర్న్ పట్టణం తోటమాలి చేతిలో పుట్టిన సంకరం. దాని తల్లిదండ్రుల్లో ఒకటి బ్రెజిల్ దేశపు ఎర్రపూల బిగోనియా. అసలు బిగోనియా అన్న పేరే మిషెల్ బెగాన్ అనే ఫ్రెంచి అధికారిది. 17వ శతాబ్దం చివర్లో కరీబియన్ దీవుల్లో మొక్కలు సేకరించిన షార్ల్ ప్లూమియె అనే సన్యాసి, తనకి సాయపడ్డాడని ఆయన పేరు పెట్టాడు. ఆ కుటుంబంలో ఇప్పటికి రెండువేలకి పైగా జాతులు తేలాయి. ‘‘బామ్మా, నీ చుక్కల చీర స్విస్ పిల్లట!’’ అంది మనవరాలు. బామ్మ నవ్వలేదు.

సంకర రకాలతో ఓ చిక్కుంది. విత్తనం వేస్తే తల్లిలాంటిది రాదు. కాడ విరిచి నాటితేనే అదే మొక్క. అంటే 1892లో పుట్టిన ఆ ఒక్క మొక్కే చేతులు మారుతూ, ముక్కలవుతూ, లుసెర్న్ నుంచి లోకమంతా తిరుగుతోందన్నమాట. ఎవరో ఒకరు విరిచి ఇంకొకరికి ఇవ్వకపోతే అక్కడితో సరి.

ఆన్‌లైనులో ‘పోల్కా డాట్ బిగోనియా’ అని ఒకటి తెప్పించింది మనవరాలు. సన్నటి ఆకులు, మరీ తెల్లటి చుక్కలు. పూస్తే తెల్లపూలు పూస్తుందని చీటీ మీద రాసుంది. బ్రెజిల్ మాక్యులేటా జాతి అది. బామ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, ‘‘దీని చెల్లెలేమో. ఇది కాదు’’ అనేసింది.

ఈ తతంగమంతా గిన్నెలు తోముతూ పనమ్మాయి వింటూనే ఉంది. పేరుకి అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. అడ్డగుట్ట నుంచి పద్నాలుగేళ్లుగా వస్తోంది. మారేడుపల్లి ఇంటి నుంచి అద్దె ఫ్లాటుకి కూడా వెంటే వచ్చింది. 2019 ఏప్రిల్లో ఓ రోజు చేతులు తుడుచుకుంటూ, ‘‘అమ్మా, తిట్టనంటే ఒకటి చెప్త’’ అంది.

‘‘చెప్పు.’’

‘‘గా చుక్కల చెట్టు మా ఇంటికాడ ఉన్నది.’’

ఎక్కడిది? ఎలా వచ్చింది? అక్కడే తడబడింది పనమ్మాయి. ‘‘మీరు తరిగి చెత్తల పోస్తరు కదమ్మా... ఆ ముక్కలే. చెత్త నేనే కదా పారబోసేది. పారేసినయే కదా అని ఒక పిడికెడు తీస్కపోయిన. దొంగతనం కాదమ్మా.’’

కణుపు కణుపుకీ తరిగిన ముక్కలు అవి. ఒక్కో ముక్కలో ఒక్కో మొగ్గ. ఎవరూ నాటకూడదని పట్టుకున్న కత్తిపీట నాటడానికి తగ్గట్టే తరిగి పెట్టింది!

మర్నాడే ఆవిడ ఆటో ఎక్కింది. పద్నాలుగేళ్లలో పనమ్మాయి ఇంటికి వెళ్లడం అదే మొదటిసారి. సందులో ఆటో పట్టలేదు, దిగి నడిచింది. రెండు గదుల రేకుల ఇల్లు. ముందు మూడడుగుల అరుగు, పైన పాత ఫ్లెక్సీ నీడ, పక్కన మునిసిపల్ నల్లా. నీళ్లు పట్టేటప్పుడు ఒలికినవన్నీ అటే పారతాయి, నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. అక్కడ ఏషియన్ పెయింట్స్ బకెట్లలో, పగిలిన బిందెలో, ఓ పాత కుక్కరు గిన్నెలో... చుక్కల చీరలు. నిలువెత్తున ఉన్నాయి. పూసి కూడా ఉన్నాయి. గోనెపట్టాలు లేవు, వేపాకు ఎరువు లేదు. బియ్యం కడిగిన నీళ్లు పోస్తుందట.

ఎదురింటి గడప పక్కన ఒకటి కనిపించింది. దాని పక్కింట్లో ఇంకొకటి. బడ్డీకొట్టు ముందు రెండు. ‘‘అందరూ అడిగిన్రమ్మా, ఇచ్చిన’’ అంది పనమ్మాయి. చుట్టుపక్కల పిల్లలు దాన్ని ‘రైలు టీచరమ్మ చెట్టు’ అంటారట. ఇందులో రైలెక్కడిదో, టీచరెక్కడిదో ఎవరికీ తెలీదు. ఆవిడ ఏనాడూ టీచరు కాదు.

ఆవిడ ఆ కుక్కరు గిన్నె ముందు పీట వేసుకుని చాలాసేపు కూర్చుంది. ఆకు తిప్పి అడుగు చూసింది. అదే నేరేడు రంగు. పనమ్మాయి టీ పెట్టి ఇచ్చింది, తాగింది. చివరికి లేస్తూ, ఇన్నేళ్లలో ఎన్నడూ తను అడగని మాట అడిగింది.

‘‘ఓ కొమ్మ ఇస్తావటే?’’

పనమ్మాయి ఆకాశం వైపు చూసింది. ‘‘ఇప్పుడొద్దమ్మా, ఎండలు మండుతున్నయ్. ఇప్పుడు కోస్తే బతకది. వానలు పడ్డంక నేనే తెచ్చిస్త’’ అంది.

ఆవిడ ఉలిక్కిపడి పనమ్మాయి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్న సంగతే చెప్పింది. ఏప్రిల్లో ఆ పడమటి బాల్కనీలో నాటితే నిజంగానే బతకదు. అయినా ఇంటికొచ్చేదాకా ఆటోలో ఆవిడ చెవుల్లో అదే మాట తిరిగింది.

మే అంతా ఎలా గడిపిందో ఆయన్ని అడగాలి. రోజూ పొద్దున్నే పేపర్లో వాతావరణం వార్త చదివించుకునేది. కేరళలో రుతుపవనాలు ప్రవేశించాయంటే ఇక్కడికెప్పుడు అని లెక్కలు. జూన్ చివర్లో వానలు మొదలయ్యాయి. జులై మొదటివారంలో ఓ ముసురు పట్టిన పొద్దున, పనమ్మాయి కొంగులో దాచుకుని తడి న్యూస్‌పేపరు పొట్లం తెచ్చింది. విప్పితే మూడు కాడలు. ఒక్కోదానికీ మూడేసి కణుపులు, పై ఆకు ఒకటి ఉంచి మిగతావి తీసేసి ఉన్నాయి. తను నేర్పకుండా ఇదెలా తెలిసిందని ఆవిడ ఆశ్చర్యపోయింది. పద్నాలుగేళ్లు వరండా ఊడుస్తూ చూసింది కదమ్మా!

ఆవిడ రెండు కాడలు నాటుకుంది. మూడోదాన్ని మళ్లీ అదే పేపర్లో చుట్టి, నీళ్లు చిలకరించి, పాత డైరీ తెమ్మంది మనవరాల్ని. సైనిక్‌పురి నంబరు చాలాసేపటికి దొరికింది. ల్యాండ్‌లైను పనిచేయలేదు. వాళ్లబ్బాయి సెల్ నంబరు సంపాదించి, అతని ద్వారా మామీని పట్టుకునేసరికి సాయంత్రమైంది.

ఇరవై మూడేళ్ల తర్వాత గొంతు విని మామీ ఎంత సంతోషించిందో! కీళ్లనొప్పులు, మనవళ్లు, మంచినీళ్ల ట్యాంకర్లు... అన్నీ అయ్యాయి. అప్పుడు ఈవిడ గొంతు సవరించుకుని అంది, ‘‘మామీ, తొలకరి పడిందండీ. మీకు కొమ్మ తెస్తున్నాను.’’

అవతల కాసేపు ఏమీ వినపడలేదు.

‘‘ఏ కొమ్మ?’’ అంది మామీ.